మీ అబ్బ ఎవరో అడిగి మళ్ళీ రాయి

ప్రొద్దుటూరు,
6 జులై 2020

సుభాషిణి అత్తకు,

నువ్వు బాగున్నావని తెలుసు. నిన్న నాన్న ఫోన్లో నీకు నా మీద చాడీలు చెబుతుంటే మెట్ల మీద కూర్చుని అంతా విన్నాను. "సుభా, నీ అల్లునికి తిక్క ముదిరింది. కొత్త ఫోను తీసకపోయి ఎనక సందులో పిల్లోళ్లకు ఇచ్చొచ్చినాడు" అన్నాడు కదా? నిజమే, ఇచ్చాను. అందుకే ఈ ఉత్తరం. నాన్న ఫోన్లో మాట్లాడాలంటే నాన్నకు నచ్చే మాటలే మాట్లాడాలి. కాగితం మీదైతే నావి రాసుకోవచ్చు.

మార్చిలో ఇడుపులపాయ హాస్టలు మూసి మమ్మల్ని ఇండ్లకు తరిమినప్పటి నుంచి మన బట్టల అంగడి మిద్దె మీదే నా మకాం. అక్కడి నుంచి చూస్తే వెనక సందంతా కనిపిస్తుంది. మన అంగడికి రవికెల మీద మగ్గం పని చేసిచ్చేవాళ్ల ఇండ్లు. బడులు మూశారు కాబట్టి "ఇంటి బడి" అని రోజూ ఒక కాగితం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఇంట్లో ఏం చేసి ఏం నేర్చుకోవాలో అందులో ఉంటుంది. కాగితం వస్తుంది సరే, ఎవరి ఫోనుకు వస్తుంది? సందులో పెద్ద ఫోన్లున్న మగవాళ్లు వాటిని జేబులో వేసుకుని పనికి పోతారు. కొందరు ఆ ఫోన్లతో సహా కువైట్లో ఉన్నారు. జేబులో ఫోనున్నవాడి బిడ్డకే చదువని ఏ చట్టంలో ఉంది? అందుకే నాది ఇచ్చేశాను. ఇప్పుడు పిల్లలు మిద్దె మీద మూతికి గుడ్డ కట్టుకుని దూరం దూరంగా కూర్చుంటున్నారు.

ఇక అసలు సంగతి. ఇవాళ్టి కాగితం కింద తయారు చేసిన ఉపాధ్యాయుల పేర్లలో మొదటిది నీది. చూసి గర్వపడ్డాను. చదివి సిగ్గుపడ్డాను. "ఉదయాన్నే పెరట్లోకి వెళ్లి వివిధ రకాల ఆకులు సేకరించండి. గుప్పెడు మరమరాలు, గుప్పెడు వేరుశనగలు తీసుకుని బరువులు పోల్చండి. సాయంత్రం తాతయ్యగారి ఒడిలో కూర్చుని ఆయన బాల్యస్మృతులు ఆలకించండి." ఎవరి తెలుగు అత్తా ఇది? ఏ నది ఒడ్డున కూర్చుని రాశావు?

అల్ఫియా అని ఏడో తరగతి పిల్ల ఉంది. మగ్గం పని చేసే మసరత్ కూతురు. ఆ పిల్ల అడిగింది.

"అన్నా, పెరడు అంటే ఏంది?"

"ఇంటెనక ఉండే జాగా."

"మా ఇంటెనక షాహిస్తా వాళ్ల ఇల్లుండాది. ఆకుల కోసరం వాళ్ల వంటింట్లోకి పోవాల్నా?"

"మరమరాలంటే ఏందన్నా?" అని ఇంకొకరు.

"బొరుగులు."

"బొరుగులని రాస్తే మేడమ్ పెన్ను విరిగిపోతాదా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి. ఇంటి మాటను చెప్పులతో పాటు గడప బయట విడిచి రమ్మనే చదువు చదువు కాదు. ఇది ఏ కరపత్రంలోనిదో కాదు, నేనే రాసింది. "మన మాట, మన బడి" అని ఒక కరపత్రం మొదలుపెట్టాను. నువ్వు మారకపోతే మొదటి పేరా నీ గురించే ఉంటుంది.

కోపంతోనే,
నీ అల్లుడు
అభిలాష్

పులివెందుల,
11 జులై 2020

ఒరే అల్లుడా,

ఉత్తరం అందింది. మేనత్తకు రాసినట్టు లేదు, స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చినట్టుంది. అక్షరాలు మాత్రం బాగున్నాయి. ఒకటో తరగతిలో నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే కాబట్టి ఆ మెప్పు నాకే రావాల.

మా వీధికి రెండు పక్కలా కట్టెలు అడ్డం కట్టినారు. పాలవాడు కట్టెల అవతల నిలబడి కేక పెడతాడు. నేను గిన్నె తీసుకుని పోతే, కర్ర కొసకు తగిలించిన ప్యాకెట్టు చాపుతాడు. దేవునికి నైవేద్యం పెట్టినట్టుంటుంది. ఇంట్లో కూర్చోలేక ఈ ఇంటి బడి కాగితాల పని నెత్తికెత్తుకున్నా.

ఇంక నీ ప్రశ్నకు జవాబు. నేను బొరుగులు అనే రాసినా. చెనిక్కాయలు అనే రాసినా. పైన మా పెద్దసారు ఒకాయన ఉన్నాడు. ఆయన చేతిలో పడి తిరిగొచ్చేసరికి బొరుగులు మరమరాలైనాయి, చెనిక్కాయలు వేరుశనగలైనాయి. "సుభాషిణమ్మా, ప్రామాణిక భాష ఉండాల" అంటాడు. ఆ "తాతయ్యగారి ఒడి" చదివి నేనే నవ్వుకున్నా. మా నాయన ఒడిలో ఎవరైనా కూర్చున్నారా? నువ్వు పోతే తొడ గిల్లి పంపించేవాడు.

అయినా నువ్వు అన్నమాట గుచ్చుకుంది. నేనూ ఈ మట్టిలో పుట్టినదాన్నే, ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. బుధవారం కాగితం ఆయనకు చూపించకుండా నేరుగా గ్రూపులో పెడతాండా. ఏమైతే అదవనీ. ఇదో, చదువు:

"పొద్దన్నే లేస్తూనే వాకిట్లో నిలబడి కనపడే ఆకులన్నీ గుర్తు పెట్టుకో, పేర్లు అమ్మను అడుగు. ఒక పిడికెడు బొరుగులు, ఒక పిడికెడు చెనిక్కాయలు రెండు చేతుల్లో పట్టుకుని ఏది బరువో చెప్పు. తూచినాక తినేయి. పైటాల అన్నం తిన్నాక మీ అబ్బ దగ్గర కూర్చో. ఆయన నీ అంత ఉన్నప్పుడు ఏం చేసేవాడు, బడి ఎందుకు మానేసినాడు, ఇప్పుడు గుర్తొచ్చే పాఠం ఏది అని అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి."

తాతయ్య పోయినాడు, అబ్బ వచ్చినాడు. నువ్వు మా నాయనను "అబ్బా, అబ్బా" అని పిలుస్తూనే పెరిగినావు కదా. చాలునా? ఇంకేమన్నా మిగిలిందా నీ కోపం?

మీ నాయనతో గొడవ పెట్టుకోవద్దు. బీపీ మనిషి.

నీ కరపత్రానికి భయపడని
సుభాషిణి అత్త

ప్రొద్దుటూరు,
18 జులై 2020

అత్తా, అత్తా,

గెలిచాం!

బుధవారం మా మిద్దె మీద నువ్వు ఉండాల్సింది. కాగితం చదువుతుండగానే పిల్లలు మొహాలు చూసుకున్నారు. "అన్నా, ఇది మనోళ్లెవరో రాసినట్టుండాదే!" అని ఒకటే అరుపులు. నాన్న కింద నుంచి కేక పెట్టాడు, "ఏమప్పా, అది బడినా, సంతనా?" అని. "బడే నాన్నా, ఇన్నాళ్లకు బడైంది" అన్నాను. ఆయన జవాబు రాయను, నువ్వు ఆయనకు చెల్లెలివి.

తూచే పాఠం శానా బాగా జరిగింది. తూచిందాని కంటే తిన్నదే ఎక్కువ. మన వంటింటి డబ్బాలో చెనిక్కాయలు లేవని అమ్మ అడిగితే శాస్త్రప్రయోగానికి పోయాయని చెప్పు.

అసలు విశేషం అల్ఫియా. ఆ పిల్ల గురించి నీకు కొంచెం చెప్పాలి. బడి మూశాక మసరత్ అక్క పిల్లను మగ్గం ముందర కూర్చోబెట్టింది. చెయ్యి చురుకు, కుట్టు సన్నం. "బడి తెరిస్తే చూద్దాంలే" అంటుంది కానీ, ఆ "చూద్దాం" ఎటు పోతుందో నాకు తెలుసు. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలు ఆ సందులో ఇంటికొకరున్నారు. ఆ పిల్లను బడి వైపు పట్టి ఉంచింది ఇప్పుడు మీ కాగితం ఒక్కటే.

వాళ్ల నాన్న జియావుల్లా కువైట్లో ఏసీలు బాగుచేస్తాడు. పని నిలిచిపోయి ఎండాకాలమంతా గదిలోనే ఉన్నాడట. ఫోన్ చేస్తే "బాగుండా, పెట్టేయ్" అనడమే తప్ప ఇంకో మాట లేదట. అల్ఫియాకు తాత లేడు. అందుకేనేమో, నీ ప్రశ్న చదివి నేరుగా నాన్నకే చేసింది. ఆయన చెబుతూ పోయాడు, పిల్ల నవ్వుతూ రాస్తూ పోయింది. అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కాగితానికి రెండు వైపులా నిండింది. పెన్నలో ఈతకొట్టి తడిచొక్కాతోనే బడికి పోయేవాడట. "ఏడో ఎక్కం అడిగితే నిద్దట్లో లేచి కూడా చెప్తాడు, కానీ ఏడో తరగతి దాటలేదు" అని రాసింది. ఈ వాక్యం నేను రాయగలనా? నువ్వు రాయగలవా?

ఫోటో తీసి గ్రూపులో పెట్టించాను. నువ్వే దిద్దుతావట కదా. మసరత్ అక్క రోజూ అడుగుతోంది, మేడమ్ ఏమన్నదని. మంచి మాట నాలుగు ముక్కలు రాయి. ఆ నాలుగు ముక్కల మీద ఆ పిల్ల బడి ఆధారపడి ఉంది. ఇది కరపత్రం మాట కాదు, నిజం.

విజయగర్వంతో,
అభి

పులివెందుల,
20 జులై 2020

అల్లుడా,

నీ నుంచి ఉత్తరం వచ్చేలోపే ఇది రాస్తున్నా. రెండూ దారిలో ఎదురుపడితే పలకరించుకుంటాయిలే.

పెద్దసారుకు బుధవారం కాగితం సంగతి తెలిసింది. ఫోన్ చేసి అరిచినాడు. నేనూ అరిచినా. ఆయనకు చెవుడని తర్వాత గుర్తొచ్చింది, ఇంకొంచెం గట్టిగా అరవాల్సింది.

జవాబులు ఇవాళ పొద్దున కూర్చుని దిద్దినా. మంచివి వచ్చినాయి. పెండ్లిమర్రి పిల్లోడు ఒకడు వాళ్ల అబ్బ దున్నపోతును ఎట్ల మచ్చిక చేసినాడో రాసినాడు, చదివి పడీపడీ నవ్వినా. కానీ మీ సందులో పిల్ల ఒకతి అబ్బ గురించి అడిగితే నాయన గురించి రాసింది. కాగితం పైన తండ్రి పేరు ఎవరిదుందో, లోపలంతా ఆయన సంగతే. రాత చక్కగా ఉంది, ప్రశ్న మాత్రం చదవలేదు. రిమార్కు పెట్టినా, మళ్ళీ రాయమని. పిల్లలను మిద్దెక్కించి ఉపన్యాసాలు ఇచ్చేముందు ప్రశ్న రెండుసార్లు చదవడం నేర్పించు, నాయనా. బాగా రాసే పిల్ల, వదలొద్దు.

ఇక్కడ అరటికాయలు అగ్గువ. తినేవాళ్లే లేరు.

అత్త

ప్రొద్దుటూరు,
22 జులై 2020

సుభాషిణి మేడమ్ గారికి,

అత్తా అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నిన్న సాయంత్రం నీ రిమార్కు గ్రూపులో వచ్చిందని తెలిసి మసరత్ అక్క మగ్గం మీద నుంచి లేచి మిద్దెక్కింది. ఎన్నడూ ఎక్కని మనిషి. కువైటు నుంచి జియావుల్లా అన్న ఫోన్లో ఉన్నాడు. "నా బిడ్డకు మేడమ్ ఏం రాసిందో నేనూ వింటా" అన్నాడట. అక్కకు తెలుగు చదవడం రాదు. "చదువప్పా అభీ, గట్టిగా చదువు, ఆయనకు ఇనపడాల" అంది. సందులో ఆడవాళ్లంతా వాకిళ్లలో నిలబడి పైకి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, పెండ్లిపత్రిక చదివినట్టు చదివాను.

"ఈయన మీ అబ్బ కాదు. మీ అబ్బ ఎవరో ఇంట్లో అడిగి తెలుసుకుని మళ్ళీ రాయి."

ఫోను అవతల నుంచి కట్ అయింది. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను, అంత తెలివిగలవాణ్ణి.

మసరత్ అక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఆయన ఆడ ఒంటిగా గదిలో పడి మా కోసరం చస్తాండాడు. ఈడ మీ మేడమ్ ఆ మనిషి దీనికి తండ్రే కాదంటాంది" అంది. నీ ఫోను నువ్వే పెట్టుకో అని నా చేతిలో పెట్టింది. కిందికి దిగేసరికి సందులో ఒకామె రాగం తీసింది, "పులివెందల్లో ఉండే మేడమ్‌కు ఈ సంగతి ఎట్ల తెలిసినాదమ్మా?" అని. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఇవాళ పొద్దున మన అంగడి రవికె గుడ్డలన్నీ మడిచి నాన్న ముందు పెట్టి, "మీ పనీ వద్దు, మీ మిద్దె మీద బడీ వద్దు" అని, అల్ఫియాను తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడ వాళ్లమ్మ మెహబూబున్నీసా ఇంట్లో పెద్ద మగ్గం ఉంది. పిల్ల ఇక ఆ మగ్గం ముందరే. బస్సు దగ్గరికి పరిగెత్తాను. అల్ఫియా కిటికీలో నుంచి నా వైపు చూడలేదు.

ఒక పసిపిల్ల పుట్టుకను గ్రూపులో పదిమంది ముందర నిలదీస్తావా? పేదవాళ్లని కదా? సాయిబులని కదా? మన అంగడిలోనో ఏ రెడ్డిగారి ఇంట్లోనో పిల్లకు ఈ మాట రాసేదానివా? నీ ఉద్యోగం, నీ ఎర్రసిరా

ఇక్కడి దాకా రాశాక పోస్టుమాన్ నీ 20వ తేదీ ఉత్తరం ఇచ్చాడు. చదివాను. మళ్ళీ చదివాను.

అబ్బ గురించి అడిగితే నాయన గురించి రాసిందా?

అత్తా, వాళ్లింట్లో అబ్బా అంటేనే నాయన. మనకు అబ్బ తాత. వాళ్లకు అబ్బా తండ్రి. తాతను వాళ్లు దాదా అంటారు. అక్క మాట చెవిన పడ్డాక నేనూ వాళ్ల అర్థమే పట్టుకుని నిన్ను తిట్టాను. ఆ పిల్ల ప్రశ్న సరిగ్గా చదివింది, సరిగ్గా రాసింది. నీ రిమార్కు వాళ్ల చెవిలో ఏమని పడిందో ఇప్పుడు నువ్వే ఒకసారి చదువుకో.

పైన రాసింది కొట్టేయను. కొంత నీకు తగలాల్సిందే. మిగతాది ఎవరికి తగలాలో తెలియడం లేదు.

అభిలాష్

పులివెందుల,
27 జులై 2020

అల్లుడా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించినా.

ఇన్నేండ్ల సర్వీసు నాది. నా దగ్గర చదువుకున్న సాయిబుల పిల్లలకు లెక్క లేదు. అందరూ నాతో "మా నాయన" అనే చెప్పేవాళ్లు. ఇంట్లో ఏమని పిలుస్తారో నేనెప్పుడూ అడగలేదు. వాళ్లు మనకోసం బడి గడప దగ్గర ఆ మాట విడిచి వస్తున్నారని నాకు తట్టనే లేదు. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన చెప్పుల మాట పెద్దసారును పట్టుకుని తిట్టడానికి పనికొచ్చింది. నాకే తగులుతుందని అనుకోలేదు.

పేదవాళ్లని రాసినావంటివే, ఆ మాటకు మాత్రం నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగిలేది. అట్లా రాసినదాన్ని కాను. ఇంకొకటి. నువ్వు ఆ మిద్దె మీదే ఉండి, ఆ పిల్ల కువైటుకు ఫోన్ చేసి "అబ్బా" అని పిలుస్తుంటే వింటూ, ఏం చేస్తాంటివి? కరపత్రం రాస్తాంటివా? గట్టిగా చదివేముందు కళ్లతో ఒకసారి చదవాల్సిన పని లేదా? ఇద్దరం కలిసే చేసినాం ఈ ఘనకార్యం.

పెద్దసారుకు చెప్పినా. "అందుకే ప్రామాణిక భాష అన్నా, వింటివా? గమ్మున ఆ రిమార్కు తీసేయ్. తాతయ్య అని మార్చేయ్. నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు" అన్నాడు. తీసెయ్యను. తీసేస్తే, మాట అన్నది నిజమే, భయపడి తుడిచేసింది అంటారు. తాతయ్య అని మార్చి తప్పించుకోను కూడా. ఆ మాట ఎవరింట్లోదీ కాదు కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు, అంతే దాని గొప్ప.

నేనే పోవాల. కట్టెలు దాటనీయడం లేదు. నిన్న కానిస్టేబులుతో పోట్లాడి వెనక్కొచ్చినా. కాబట్టి నువ్వు పో. రిమార్కు ఉన్న కాగితం జెరాక్సు తీయించుకుని పో. ఆ ఇంటి గడపలో నిలబడి, తప్పు పిల్లది కాదు, ప్రశ్న రాసినదానిది అని నా పేరు పెట్టి చెప్పు. ఉపన్యాసం ఇవ్వద్దు. నీ కాళ్లు మొక్కుతా, ఒక్క వాక్యం కూడా కరపత్రంలోది వాడొద్దు. వాళ్లు ఏం చేయమంటే అది చేస్తా. ఏమన్నా సరే.

సుభాషిణి

జమ్మలమడుగు,
3 ఆగస్టు 2020

అత్తా,

పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. బండి తాళం నాన్న దాచేశాడు. సైకిలు మీద వచ్చాను. బక్రీదు దాటనిచ్చి వచ్చాను, పండగ పూట వాళ్ల ముందు ఈ మొహం పెట్టలేక.

మెహబూబున్నీసా నానీ (అమ్మమ్మను వాళ్లు అట్లా అంటారు) గుమ్మంలోనే ఆపింది. కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా ఆ మిద్దె మీది అయ్యవారు? ఏం నాయనా, అబ్బ సంగతి తేలిపోయింది. ఈసారి మా అమ్మ ఎవరో కనుక్కొని రమ్మన్నారా?"

తల దించుకున్నాను. నువ్వు చెప్పమన్నది చెప్పాను, నీ పేరు పెట్టే చెప్పాను. మన ఇంట్లో అబ్బంటే తాత అని చెప్తే నానీ నమ్మలేదు. "తాతను పట్టుకొని అబ్బా అంటారా? మరి నాయన్ను ఏమంటారప్పా, దాదా అంటారా?" అంది. లోపల మసరత్ అక్క ఎందుకో దగ్గింది. అది దగ్గు కాదనుకుంటా.

"టీ తాగుతావా? కోమట్లు మా ఇంట్లో తాగరు కదా" అని నానీ గ్లాసు పట్టుకుని నిలబడింది. తాగాను. రెండో గ్లాసు అడిగి మరీ తాగాను. ఈ ముక్క నాన్నకు నువ్వే రాయి.

అల్ఫియా మగ్గం ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. సూది పైకీ కిందికీ పోతూనే ఉంది. పచ్చ పట్టు మీద నెమలి. మెడ దాకా అయింది. చూస్తే ఎంత అందంగా ఉందో అంత భయమేసింది.

నానీ కువైటుకు ఫోన్ కలిపింది. జియావుల్లా అన్నకు సంగతంతా చెప్పాను. ఆయన అన్నాడు, "అభీ, ఇన్నేండ్లుగా ఫోన్ చేసినోళ్లంతా ఎప్పుడొస్తావు, ఏం తెస్తావు అనే అడిగినారు. చిన్నప్పుడు నువ్వేం చేస్తాంటివి అని అడిగింది నా బిడ్డ ఒక్కతే. గదిలో తలుపేసుకుని అంతా చెప్పుకున్నా. దానికి వచ్చిన జవాబు అది. మాటల్లో తేడా అంటాండావు, సరే, నమ్ముతా. కానీ ఏం చేయాల్నో నేను చెప్పను. రాసింది అది. దాన్నే అడుగు."

నానీ కలగజేసుకుంది. "మాట పదిమందిలో పోయింది. పదిమందిలోనే వెనక్కి రావాల. చాటుగా నీతో చెప్పి పంపిస్తే మాకేం పని? ఆ గ్రూపులోనే ఆ మేడమ్ పేరు మీదనే పడితే, బడి తెరిచిన రోజు నేనే చెయ్యి పట్టుకొని వదిలొస్తా. పడకపోతే ఇదో, ఈ మగ్గం యాడికీ పోదు."

అప్పుడు అల్ఫియా సూది గుచ్చి ఆపింది.

"అన్నా, ఎర్ర పెన్నుండాదా?"

నా దగ్గర లేదు. నల్లది ఇస్తే తీసుకోలేదు. నానీ ఎదురింటి నుంచి తెప్పించింది. జెరాక్సు కాగితం మోకాలి మీద పెట్టుకుని నీ రిమార్కు కింద ఏం రాసిందో ఈ కవరులో పెట్టాను, చూడు. నేను ఒక్క అక్షరం చెప్పలేదు. ఒత్తు తప్పు పోతే కూడా దిద్దలేదు.

"మేడమ్ గారూ, ఈయనే మా అబ్బ. పేరు జియావుల్లా. మా ఇంట్లో అబ్బా అంటే నాయన. మీరు అడిగినాయన మాకు దాదా, ఆయన చచ్చిపోయినాడు. నా జవాబు కరక్టు. మీ ప్రశ్న తప్పు. మా ఇండ్లలో అడిగి తెలుసుకుని మళ్ళీ రాయండి. పదికి నాలుగు."

నాలుగెందుకమ్మా అని అడిగాను. "బొరుగులు రాసింది కదా, దానికి" అంది.

ఇది గ్రూపులో పెడతావా అత్తా? పెద్దసారు ఏమంటాడో నాకు తెలుసు. ఏమన్నా సరే అన్నావు. ఆ మాట మీదనే సైకిలు తొక్కాను.

అభి

పులివెందుల,
9 ఆగస్టు 2020

అల్లుడా,

పెట్టినా.

పెట్టేముందు పెద్దసారుకు చెప్పే పెట్టినా, దొంగచాటు పని అనుకోకూడదని. "ఏడో తరగతి పిల్ల టీచరుకు మార్కులు వేస్తే, దాన్ని టీచరే ఊరంతా చూపిస్తే, రేపు మనల్ని లెక్క చేసేదెవరు?" అన్నాడు. "ఇన్నాళ్లూ లెక్క చేసింది మనల్ని కాదు సార్, బెత్తాన్ని" అన్నా. మెమో ఇస్తా అన్నాడు. ఇచ్చుకో అన్నా.

ఆ కాగితం ఫోటో, దాని కింద నా మాట: "ఈ పిల్ల రాసింది కరెక్టు. నేను రాసింది తప్పు. అల్ఫియా, మీ అబ్బకూ మీ అమ్మకూ నా క్షమాపణ. సుభాషిణి, ఉపాధ్యాయురాలు." నోటితో చెప్పింది కూడా రికార్డు చేసి పెట్టినా, మసరత్ చదవలేదు కదా, తన చెవులతో తానే వినాలని. ఈసారి నువ్వు మధ్యలో చదవాల్సిన పని లేదు.

పొద్దంతా గ్రూపులో చప్పుడు లేదు. పొయ్యి దగ్గర కూర, చేతిలో ఫోను, రెండూ మాడిపోతాయనుకున్నా. సాయంత్రానికి ఒక్కటొక్కటే రావడం మొదలైంది. "మేడమ్, మాకు తాత అంటే అమ్మ వాళ్ల నాయన, అబ్బ అంటే నాయన వాళ్ల నాయన, ఎవరిని అడగాల?" "మా ఇంట్లో అజ్జ అంటాం, రాయొచ్చునా?" కలమల్ల నుంచి ఒక పిల్ల, "మేడమ్, మాకు నాయనా లేడు, అబ్బా లేడు, మా అమ్మ నా అంత ఉన్నప్పుడు సంగతి రాస్తే మార్కులేస్తారా?" అని. ఆ పిల్లకు ముందు నీ జవాబే చదువుతానని రాసినా.

కాబట్టి వచ్చే వారం కాగితం మొదటి పని ఇది: "మీ ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తారో రాసి మీ టీచరుకు నేర్పించండి."

మెమో వచ్చింది. "క్రమశిక్షనారాహిత్యము" అని రాసినాడు, ణ బదులు న. ఎర్ర పెన్నుతో చుట్టి, పదికి రెండు వేసి, తిప్పి పంపినా.

నాలుగు మార్కుల
అత్త

ప్రొద్దుటూరు,
21 ఆగస్టు 2020

అత్తా,

నానీకి ఫోన్ చేసి నీ రికార్డు వినిపించాను. మొన్న బస్సులో నుంచి ముగ్గురూ దిగారు. నానీ కూడా వచ్చింది, ఇచ్చిన మాట తానే అప్పజెప్పాలని. బడి ఇంకా తెరవలేదు కాబట్టి ప్రస్తుతానికి మా మిద్దె దాకా చెయ్యి పట్టుకుని తెచ్చి వదిలింది. "ఇది ఉత్త రిహార్సలు. నిజం బడి తెరిచినాక మళ్ళీ వస్తా" అంది.

మసరత్ అక్క అంగడికి వచ్చి నాన్నతో అంది, "పని ఇవ్వండన్నా, చేస్తా. కానీ దాంట్లో నా బిడ్డ చెయ్యి పడదు. ఆలస్యమైతే ఆలస్యమే." నాన్న రవికె గుడ్డలు తీసిచ్చి, నా వైపు చూసి, "రెండో గ్లాసు కూడా తాగినావంట?" అన్నాడు. అంతే అన్నాడు. నువ్వు రాసేశావన్నమాట.

నీ గొంతు రికార్డు సందులో ఎన్నిసార్లు మోగిందో చెప్పలేను. ఆ రాగం తీసిన ఆమె ఇంటి ముందర మాత్రం ఇంకో రెండుసార్లు ఎక్కువే మోగింది. అది నా పనే. ఒప్పుకోను, కానీ నా పనే.

నా కరపత్రం పూర్తయింది. "మన మాట, మన బడి." అచ్చుకిచ్చేముందు మిద్దె మీద పిల్లలకు చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అల్ఫియా కొట్టలేదు. కాగితం అడిగి తీసుకుంది. ఎర్ర పెన్ను ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉంటోంది.

తిరిగి ఇచ్చేసరికి "మన" అన్నచోటల్లా ఒక సున్న చుట్టి ఉంది. పేజీ నిండా ఎర్ర సున్నలే. కింద రాసింది, "మన అంటే ఎవరెవరో అడిగి తెలుసుకుని మళ్ళీ రాయి." మార్కులు కూడా వేయలేదు.

చాలా కోపమొచ్చింది. చించేద్దామనుకున్నాను. ఆ పిల్ల చేతులు కట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంది, నువ్వు తరగతిలో నిలబడినట్టు.

మళ్ళీ రాస్తున్నాను అత్తా.

అభి